కంచె లోపల కంపెనీ, కంచె బయట పంచాయతీ

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 12 పారిశ్రామిక నగరాలకు రూ.28,602 కోట్లు మంజూరు చేసింది. వాటిలో మూడు తెలుగు నేల మీదివే. కర్నూలు దగ్గరి ఓర్వకల్లుకు 2,621 ఎకరాలు, రూ.2,786 కోట్లు. కడప పక్కన కొప్పర్తికి 2,596 ఎకరాలు, రూ.2,137 కోట్లు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌కు 3,245 ఎకరాలు, రూ.2,361 కోట్లు. ఎకరాల గురించి, కోట్ల గురించి, రాబోయే ఉద్యోగాల గురించి చాలా మాటలు నడిచాయి. ఈ నగరాలను ఎవరు పాలిస్తారు, పన్ను ఎవరికి కట్టాలి, మురుగుకాలువ నిండితే ఎవరి తలుపు తట్టాలి అన్న ప్రశ్న మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. అక్కడ బతకబోయేవాళ్లకు రోజూ ఎదురయ్యేది ఆ ప్రశ్నే.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో స్థానిక పాలన, భూమి రెండూ రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. కొత్త మున్సిపాలిటీ పెట్టాలన్నా, పంచాయతీని విడగొట్టాలన్నా, ఊరి సరిహద్దు జరపాలన్నా ఆ అధికారం రాష్ట్రానిదే. ఢిల్లీ ఓర్వకల్లులో ఒక వార్డును కూడా గీయలేదు. అయినా గత ముప్పై ఏళ్లలో నగరాల చుట్టుపక్కల పాలన ఎలా ఉండాలన్నది కేంద్రం గట్టిగానే నిర్దేశిస్తూ వచ్చింది. అందుకు వాడిన పరికరం జోన్. చట్టం చేతిలో లేనిచోట పన్ను మినహాయింపు, విధానంలో షరతు, కంపెనీ వాటా అనే మూడు తాళంచెవులతో తలుపు తీసింది.

చైనాతో పోలిస్తే తేడా తేటగా తెలుస్తుంది. అక్కడ 1990లో షాంఘైలోని పుదోంగ్‌తో మొదలుపెట్టి 2017లో ప్రకటించిన శోంగాన్ వరకు 19 జాతీయ స్థాయి 'కొత్త ప్రాంతాలు' వచ్చాయి. సరిహద్దు అడ్డొస్తే సరిహద్దునే మార్చేస్తారు. చెంగ్దూ నగరపు తియాన్‌ఫూ కొత్త ప్రాంతం మొదట మూడు వేర్వేరు నగర పాలనల మీదుగా పరుచుకుంది. 2016లో జియాన్‌యాంగ్ పట్టణాన్ని జియాంగ్ నుంచి తప్పించి చెంగ్దూ కిందికి తెచ్చారు. నగరపు రెండో విమానాశ్రయం కట్టింది అక్కడే. మన దగ్గర కేంద్రానికి ఆ అధికారం లేదు. కాబట్టి సరిహద్దు జోలికి పోకుండా, ఆ సరిహద్దు మీద ఒక కంపెనీని కూర్చోబెట్టే పద్ధతి వచ్చింది.

మొదటి తాళంచెవి: సుంకం

2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం 2006 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఆ చట్టం దృష్టిలో సెజ్ అంటే సుంకాల లెక్కకు దేశం బయట ఉన్న నేల. లోపల పెత్తనం డెవలప్‌మెంట్ కమిషనర్‌ది. ఆయనను నియమించేది కేంద్ర వాణిజ్య శాఖ. తెలుగు రాష్ట్రాలు రెండింటి సెజ్‌లనూ దువ్వాడలోని విశాఖ సెజ్ కార్యాలయం నుంచే చూస్తారు. యూనిట్‌కు అనుమతి ఇచ్చే కమిటీకి ఆయనే అధ్యక్షుడు.

ఈ తాళంచెవి బలహీనత ఏమిటంటే, దాన్ని ఇచ్చినవాళ్లే వెనక్కి తీసుకోగలరు. 2011 బడ్జెట్‌లో సెజ్‌ల లాభాల మీద కనీస ప్రత్యామ్నాయ పన్ను వేశారు. 2020 తర్వాత వచ్చే కొత్త యూనిట్లకు ఆదాయపన్ను సెలవు ఆగిపోయింది. పన్ను లాభం చూసుకుని భూమి తీసుకున్న డెవలపర్లు చల్లబడ్డారు. 2014 నాటి కాగ్ నివేదిక లెక్కలో, నోటిఫై అయిన దాదాపు 45,600 హెక్టార్లలో పని మొదలైంది సుమారు 28,500 హెక్టార్లలోనే. మిగతా నేల సాగుకూ లేదు, ఫ్యాక్టరీకీ లేదు. ఢిల్లీలో ఒక పన్ను నిబంధన మారితే మండల స్థాయిలో భూమి వాడకం పదేళ్లు స్తంభించిపోతుంది. రాష్ట్రం గానీ జిల్లా గానీ ఆ నిర్ణయంలో లేవు. ఫలితం మాత్రం వాటి నేల మీదే ఉంది.

రెండో తాళంచెవి: విధానంలో రాసిన షరతు

2007లో పెట్రోలియం, రసాయనాల పెట్టుబడి ప్రాంతాల విధానం వచ్చింది. కనీసం 250 చదరపు కిలోమీటర్లు, అందులో 40 శాతం ఉత్పత్తికి అన్నది నిబంధన. విశాఖ, కాకినాడల మధ్య ఆ పేరుతో 600 చదరపు కిలోమీటర్లకు పైగా గీత గీశారు, దానికో ప్రత్యేక అభివృద్ధి సంస్థనూ పెట్టారు. 2011 జాతీయ తయారీ విధానం కింద నిమ్జ్, అంటే జాతీయ పెట్టుబడి, తయారీ మండలం వచ్చింది. కనీసం 5,000 హెక్టార్లు ఉండాలి, దాన్ని రాష్ట్రం రాజ్యాంగంలోని 243క్యూ అధికరణం కింద పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించాలి అని విధాన పత్రంలోనే రాశారు.

ఈ షరతు దగ్గర కాస్త ఆగాలి. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి ప్రతి పట్టణానికీ ఎన్నికైన మున్సిపాలిటీని హక్కుగా ఇచ్చింది. అదే సవరణలో, 243క్యూ అధికరణంలో ఒక మినహాయింపు ఉంది. ఏదైనా పారిశ్రామిక సంస్థ ఒక ప్రాంతంలో పౌర సేవలు అందిస్తుంటే, లేదా అందిస్తానని ప్రతిపాదిస్తే, దాన్ని పారిశ్రామిక టౌన్‌షిప్‌గా గవర్నర్ నోటిఫై చేయవచ్చు. అప్పుడు అక్కడ మున్సిపాలిటీ అక్కర్లేదు. సొంత కాలనీ నడుపుకునే ఉక్కు కర్మాగారం లాంటిదాన్ని చూసి రాసిన వెసులుబాటు ఇది. 1999లో సైజ్ గ్రామ పంచాయతీ కేసులో గుజరాత్ పారిశ్రామిక వాడకు దాన్ని వర్తింపజేయడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత ఒక్క కర్మాగారానికి ఉద్దేశించిన మినహాయింపు మొత్తం పారిశ్రామిక నగరాలకు దారి అయింది. ఓటున్న పౌరుడు వినియోగ రుసుము కట్టే ప్లాటుదారుగా మారిపోయేది ఇక్కడే.

ఆ దారి ఎక్కడికి చేరుస్తుందో నోయిడా చూపిస్తుంది. 1976 నాటి ఉత్తరప్రదేశ్ చట్టం కింద పుట్టిన ఆ నగరాన్ని 2001లో పారిశ్రామిక టౌన్‌షిప్‌గా నోటిఫై చేశారు. 2011 జనాభా లెక్కల్లో 6.37 లక్షల మంది ఉన్నారు. అంతమందికీ ఒక కౌన్సిలర్ లేడు, మేయర్ లేడు. ప్లాట్లు అమ్మే సంస్థే చెత్త ఎత్తుతుంది, అదే ప్లాన్ మంజూరు చేస్తుంది, దాని మీద ఫిర్యాదునూ అదే వింటుంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు నోయిడాకు మెట్రోపాలిటన్ కార్పొరేషన్ పెట్టే విషయం ఆలోచించమని ఆ రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పాల్సి వచ్చింది. ఇది తేలిగ్గా తీసుకోదగిన సంగతి కాదు. టౌన్‌షిప్ నోటిఫికేషన్‌కు గడువు ఉండదు. జనాభా ఎంత పెరిగినా దానంతట అది రద్దు కాదు.

మూడో తాళంచెవి: వాటాదారుల ఒప్పందం

ఇప్పుడు ఓర్వకల్లు, కొప్పర్తి, జహీరాబాద్‌లకు వాడుతున్నది ఈ మూడోదే. దీని పని తీరు వివరంగా చూడాలి.

ఢిల్లీ-ముంబై కారిడార్ (రవాణా మార్గం వెంట పారిశ్రామిక నగరాల వరస) కోసం 2008లో పెట్టిన కంపెనీ పేరు 2020లో జాతీయ పారిశ్రామిక కారిడార్ అభివృద్ధి కార్పొరేషన్‌గా మారింది. దాని వెనక ఒక ట్రస్టు ఉంది. 2011లో ఏడు నగరాలకు సగటున రూ.2,500 కోట్ల చొప్పున రూ.17,500 కోట్లతో మొదలైన ఆ నిధిని, 2016 డిసెంబరులో దేశంలోని కారిడార్లన్నిటికీ విస్తరించారు. ఈ ట్రస్టు రాష్ట్రానికి గ్రాంటు ఇవ్వదు, కంపెనీలో వాటా కొంటుంది.

వరస ఇలా నడుస్తుంది. రాష్ట్రం స్థలం చూపిస్తుంది, కార్పొరేషన్ పెట్టిన కన్సల్టెంట్లు మాస్టర్ ప్లాన్ గీస్తారు. తర్వాత రెండు కాగితాల మీద సంతకాలు పడతాయి. ఒకటి రాష్ట్ర సహకార ఒప్పందం, రెండోది వాటాదారుల ఒప్పందం. అప్పుడు ఎస్‌పీవీ, అంటే ఆ ఒక్క నగరం కోసమే పెట్టే కంపెనీ పుడుతుంది. వాటాలు దాదాపు చెరి సగం ఉంటాయి. గుజరాత్‌లోని ధొలేరాలో, మహారాష్ట్రలో ఔరంగాబాద్ దగ్గరి ఆరిక్‌లో రాష్ట్ర సంస్థకు 51, కేంద్ర ట్రస్టుకు 49. రాష్ట్రం తన వాటాను భూమి రూపంలో పెడుతుంది, కేంద్రం నగదు రూపంలో పెడుతుంది. భూమి కంపెనీ పేరుకు మారితేనే దానికి సరిపడా నగదు వస్తుంది. ఆ నగదుతో రోడ్లు, వాననీటి కాలువలు, మురుగునీటి శుద్ధి కేంద్రం, సబ్‌స్టేషన్, భూగర్భ కేబుల్ మార్గాలు కడతారు. ఆ తర్వాత ప్లాట్లు కేటాయిస్తారు.

నగదు భూమిని అనుసరించి వస్తుందన్న ఒక్క నిబంధన జిల్లా యంత్రాంగం ప్రాధాన్యాలను మార్చేస్తుంది. ఆర్డీవో, తహసీల్దారు కార్యాలయాల మీద మొదటి ఒత్తిడి భూమి అప్పగింతే అవుతుంది. అసైన్డ్ భూముల పరిహారం, భూమి ఎవరి అనుభవంలో ఉందో చూసే ఎంజాయ్‌మెంట్ సర్వే, రికార్డుల్లో ఒకరు, సాగులో మరొకరు ఉన్న కమతాలు, ఇవన్నీ తీరిగ్గా తేల్చాల్సిన పనులు. వీటిని తొందరపడి చుట్టబెడితే తగాదాలు కోర్టుకు చేరతాయి. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా ఇలాంటివి ముందే బయటపెట్టడానికి ఉద్దేశించినది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ రాష్ట్ర సవరణలతో పారిశ్రామిక కారిడార్లకు దాన్ని తప్పించే వీలు తెచ్చుకున్నాయి. కాలం కలిసొస్తుందనుకున్నారు. అయితే తగాదా అంచనా దశలో బయటపడకపోతే నిర్మాణ దశలో బయటపడుతుంది.

అక్కడ అది ఎంత ఖరీదు పడుతుందో ఒక మురుగు లైను చూపిస్తుంది. మురుగు గొట్టం వాలు మీద పనిచేస్తుంది. ఎత్తు నుంచి పల్లానికి, శుద్ధి కేంద్రం వరకు ఎక్కడా తెగకూడదు. ఆ దారిలో నలభై ఎకరాల ముక్క ఒకటి స్టేలో చిక్కుకుంటే గొట్టాన్ని చుట్టూ తిప్పాలి. పొడవు పెరిగేకొద్దీ లోతు పెరుగుతుంది, లోతు మరీ పెరిగితే మధ్యలో పంపింగ్ స్టేషన్ కట్టాలి. దానికి కరెంటు, ఆపరేటరు, స్టాండ్‌బై మోటారు కావాలి, ఏడాది పొడవునా బిల్లు వస్తూనే ఉంటుంది. 2,600 ఎకరాల్లో నలభై ఎకరాలు లెక్కకు ఒకటిన్నర శాతమే. మురుగు వ్యవస్థకు మాత్రం అదే గొంతు దగ్గర అడ్డం.

ఒప్పందాల్లో మరో గీత ఉంటుంది. ప్రాంతం లోపలి మౌలిక వసతులు కంపెనీ పని. హద్దు వరకు నీటి పైపులైను, రోడ్డు, కరెంటు తేవడం రాష్ట్రం పని. లోపలి పనులకు ఈక్విటీ నగదు సిద్ధంగా ఉంటుంది, బయటి పనులు రాష్ట్ర బడ్జెట్‌లో ఇతర ఖర్చులతో పోటీపడాలి. కాబట్టి లోపల నాలుగు వరసల రోడ్డు, వీధి దీపాలు సిద్ధమయ్యాక కూడా నీటి కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. రాయలసీమలో ఇది చిన్న విషయం కాదు. కొత్త పైపులైనుకు నీటి కేటాయింపు జీవో ఏ సంవత్సరంలో వచ్చింది, ఎవరి వాటాలోంచి వచ్చింది అన్నదే ఆ నోడ్ (కారిడార్ మీది పారిశ్రామిక నగరం) అసలు ప్రారంభ తేదీని నిర్ణయిస్తుంది.

బోర్డులో ఎవరుంటారన్నది వాటాలను బట్టే తేలుతుంది. కేంద్ర ట్రస్టు తన డైరెక్టర్లను పంపుతుంది, రాష్ట్ర సంస్థ తన డైరెక్టర్లను పంపుతుంది. పంచాయతీకి వాటా లేదు కాబట్టి సర్పంచికి కుర్చీ లేదు. పక్క నగరపు మేయర్‌కూ లేదు. 2015లో మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్‌లో కూడా ఇలాంటి కంపెనీలే పెట్టారు. అక్కడ మున్సిపాలిటీకి సగం వాటా అయినా ఉండేది. కారిడార్ నోడ్లలో ఆ పాటి చోటు కూడా మిగల్లేదు. కంపెనీ చెడు ఉద్దేశంతో నడుస్తుందని దీని అర్థం కాదు. దాని లక్ష్యం ప్లాట్లు నింపడం. చుట్టూ ఉన్న ఊళ్ల బాగోగులు దాని బ్యాలెన్స్ షీట్‌లో ఏ పద్దు కిందా రావు.

డబ్బు లెక్కలో ఉన్న గొయ్యి

2,600 ఎకరాల నోడ్‌లో రోడ్లు, పచ్చదనం, శుద్ధి కేంద్రాలు, సబ్‌స్టేషన్లకు 35 శాతం పోయిందనుకుందాం. కేటాయించదగినది 1,690 ఎకరాలు. ప్లాటు ధర ఒక్కసారే వస్తుంది, నిర్వహణ ఖర్చు ఏటా వస్తుంది. మొదటి ఏడెనిమిదేళ్లలో ప్లాట్లు సగమే నిండితే నిర్వహణ రుసుము సగమే వస్తుంది. శుద్ధి కేంద్రాన్ని, వీధి దీపాలను మాత్రం పూర్తి స్థాయిలో నడపాలి. పైగా జీవక్రియతో మురుగును శుద్ధి చేసే కేంద్రానికి కొంత కనీస ప్రవాహం లేకపోతే అది సరిగా పనిచేయదు. పది లక్షల లీటర్లు వచ్చేచోట కోటి లీటర్ల కేంద్రం కట్టి కూర్చుంటే ఖర్చూ దండగ, శుద్ధీ దండగ. అందుకే తెలిసిన ఇంజినీర్లు మాడ్యూళ్లుగా, దశలవారీగా కట్టమంటారు. ప్యాకేజీ మొత్తం ఒకేసారి టెండరు వేసి నిధులు ఖర్చు చూపించాలన్న తొందరలో ఈ సలహా తరచూ పక్కకు పోతుంది.

దీనికి స్థానికంగా ఉన్న సమాధానం ఐలా, అంటే పారిశ్రామిక వాడ స్థానిక అధికార సంస్థ. పారిశ్రామిక వాడల్లో పంచాయతీ, మున్సిపల్ అధికారాలను రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీకి బదలాయించే ఈ ఏర్పాటు 1990ల్లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది. ఇప్పుడు తెలంగాణలో టీజీఐఐసీ దాన్ని కొనసాగిస్తోంది. ఆస్తిపన్ను ఐలా వసూలు చేస్తుంది, 35 శాతం స్థానిక సంస్థకు ఇస్తుంది, మిగతాది వాడలో సేవలకు ఖర్చు పెడుతుంది. కోటి రూపాయలు వసూలైతే పంచాయతీకి చేరేది 35 లక్షలు. టౌన్‌షిప్ నోటిఫికేషన్ కంటే ఇది చాలా మేలైన పద్ధతి. పంచాయతీ బతికే ఉంటుంది, దానికో ఆదాయం ఉంటుంది. లోపమల్లా ఆ 35 శాతం ఎవరి భారాన్ని కొలిచి పెట్టింది కాదు.

ఆ భారం ఎంతో లెక్క వేయవచ్చు. నోడ్‌లో పదివేల మంది పనిచేస్తున్నారనుకుందాం, కుటుంబాలతో కలిపి నలభై వేలు. 'నడిచి పనికి వెళ్లే' నగరం అన్నది ప్రకటనలో ఉంది. లోపలి ఇళ్లు కట్టేలోగా, కట్టాక కూడా అద్దె తక్కువ కాబట్టి, వాళ్లలో ఎక్కువమంది పక్క ఊళ్లలో ఒక గది, రేకుల షెడ్డు చూసుకుంటారు. పట్టణ నీటి సరఫరా ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. జల్ జీవన్ మిషన్ గ్రామాలకు పెట్టుకున్నది 55 లీటర్లు. అంటే నలభై వేల మంది కంచె లోపల ఉంటే 54 లక్షల లీటర్లకు డిజైన్ చేస్తారు, కంచె బయట ఉంటే 22 లక్షల లీటర్లకు. వాళ్లు పట్టణంలా బతికితే వాడిన నీటిలో 80 శాతం, అంటే రోజుకు 43 లక్షల లీటర్లు మురుగవుతుంది. పంచాయతీకి శుద్ధి కేంద్రం లేదు. ఆ నీరు రోడ్డు పక్క కాలువలోంచి చెరువులోకి పోతుంది. రెండు కిలోమీటర్ల దూరంలో నోడ్ శుద్ధి కేంద్రం ప్రవాహం చాలక సగం ఖాళీగా తిరుగుతుంటుంది. ఊరి మురుగును ఆ కేంద్రానికి కలపడానికి సాంకేతికంగా ఏ ఆటంకమూ లేదు. కలపమని చెప్పే కాగితం లేదు, అంతే.

గీతల మీద గీతలు

జాతీయ పథకాల పేర్లు మారినప్పుడల్లా పాత గీత చెరిగిపోదు, దాని మీదే కొత్త గీత పడుతుంది. జహీరాబాద్‌ను ముందు నిమ్జ్‌గా ప్రకటించారు, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,600 ఎకరాలకు పైగా. 2016లో తుది ఆమోదం వచ్చింది. 2024లో అందులోని 3,245 ఎకరాలు హైదరాబాద్-నాగ్‌పూర్ కారిడార్ నోడ్‌గా మళ్లీ మంజూరయ్యాయి. ఒక విధానం టౌన్‌షిప్‌గా ప్రకటించమంది, రెండో విధానం ఎస్‌పీవీ పెట్టమంది. నోడ్ గీతకు బయట, నిమ్జ్ గీతకు లోపల పడ్డ రైతు పరిస్థితి ఏమిటి? అతని భూమి సేకరణ జాబితాలో ఉన్నట్టే ఉంటుంది, డబ్బు వచ్చే జాబితాలో ఉండదు. అప్పు కోసం బ్యాంకుకు వెళ్లినా, అమ్మకానికి పెట్టినా మొదటి ప్రశ్న అదే. ఇలాంటి భూముల విషయం ఏదో ఒకటి తేల్చి, తీసుకోనివాటిని రాతపూర్వకంగా విడిచిపెట్టడం రాష్ట్రం వెంటనే చేయగల పని.

కృష్ణపట్నం ఓడరేవు దగ్గర మరో రకం చిక్కు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో గూడూరు ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. ఓడరేవు నెల్లూరు జిల్లాలో ఉండిపోయింది. ఓడరేవు కోసం పుట్టిన నోడ్ ఒక కలెక్టరు కిందికి, ఓడరేవు మరో కలెక్టరు కిందికి అప్పట్లో పోయాయి. రాష్ట్రం గీసుకున్న గీతకూ కేంద్రం గీసిన గీతకూ పొంతన కుదరాలంటే ఇద్దరినీ కూర్చోబెట్టే బల్ల ఒకటి కావాలి.

రాజ్యాంగంలో ఆ బల్ల ఉంది. జిల్లాకు 243జెడ్‌డీ కింద ప్రణాళిక కమిటీ, పది లక్షల జనాభా దాటిన మహానగర ప్రాంతానికి 243జెడ్‌ఈ కింద మెట్రోపాలిటన్ ప్రణాళిక కమిటీ. మెట్రోపాలిటన్ కమిటీలో మూడింట రెండొంతులకు తగ్గకుండా ఎన్నికైన కౌన్సిలర్లు, పంచాయతీ అధ్యక్షుల నుంచే రావాలి. దేశంలో చాలా చోట్ల అది ఏర్పడలేదు, ఏర్పడినచోట సమావేశాలు అరుదు. ఆ ఖాళీలోనే అభివృద్ధి సంస్థలు, కంపెనీలు, మిషన్లు వచ్చి కూర్చున్నాయి.

విశాఖలో ఇప్పుడు అన్నీ కలిసి కనబడతాయి. మహానగర పాలక సంస్థ ఉంది, 2018లో పాత పట్టణాభివృద్ధి సంస్థ వుడా స్థానంలో వచ్చిన మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఉంది, సెజ్‌లున్నాయి, పెట్రోకెమికల్ ప్రాంతపు గీత ఉంది, విశాఖ-చెన్నై కారిడార్ ఉంది. 2023లో నీతి ఆయోగ్ ముంబై, సూరత్, వారణాసిలతో పాటు విశాఖనూ నగర ప్రాంతీయ ఆర్థిక ప్రణాళికకు ప్రయోగాత్మకంగా ఎంచుకుంది. అంటే ఢిల్లీ ఈసారి ఒక కంచె గురించి కాకుండా మొత్తం ప్రాంతం గురించి మాట్లాడుతోంది. ఇది మంచి మార్పే. దీన్ని నడిపే యంత్రాంగంలో ఎన్నికైనవాళ్లకు చోటు ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, 243జెడ్‌ఈ కమిటీని ఏర్పాటు చేసి దాని ముందు ఈ ప్రణాళికను పెడితే చాలు.

కొత్త నోడ్ల విషయంలో చేయదగిన పని ఇంకా చిన్నది. సరైన కాలం కూడా ఇదే, ప్లాట్లు నిండాక ఎవరూ మార్చరు. రాష్ట్ర సహకార ఒప్పందానికి అనుబంధంగా కొన్ని వాక్యాలు చేర్చాలి. హద్దు నుంచి ఐదు కిలోమీటర్లలోపు ఊళ్ల మురుగు నోడ్ శుద్ధి కేంద్రానికి చేరాలి, నీటి పైపులైనులోంచి ఆ ఊళ్లకు కేటాయింపు ఉండాలి. ఆస్తిపన్నులో పంచాయతీ వాటాను జనాభాతో పాటు మూడేళ్లకోసారి తిరగ లెక్కించాలి. చుట్టూ ఉన్న మండలాల నుంచి ఒక ఎన్నికైన ప్రతినిధి బోర్డు సమావేశాల్లో కూర్చోవాలి. ఏ జనాభా దగ్గర, ఏ సంవత్సరంలో కంపెనీ తన పౌర సేవలను మున్సిపాలిటీకి అప్పగిస్తుందో తేదీతో సహా రాయాలి. కంపెనీ పెట్టేటప్పుడు పుట్టిన తేదీ రాస్తున్నాం, అప్పగించే తేదీ రాయడం లేదు. ఓర్వకల్లు, కొప్పర్తి, జహీరాబాద్‌ల ఒప్పంద పత్రాలు ఎవరి చేతికైనా అందితే ముందుగా వెతకాల్సిన వాక్యం అదే.